ఇరవైమూడో పేరురాయి

ఒకానొక రాజ్యంలో ఊళ్ళు ఎన్నో ఉండేవి గాని, వాటికి పేర్లే కరువయ్యాయి. పెట్టేవాళ్ళు లేక కాదు. ఆ రాజ్యాన్నేలే మాచభూపతికి ఒకే ఒక్క పేరు నచ్చింది. కనబడిన ఊరికల్లా అదే పెడుతూ పోయాడు. ఆ పేరు జిల్లేళ్ళబీడు.

వింటేనే తెలుస్తోంది కదా, అదేమంత వైభోగం వెలగబెట్టిన చోటు కాదని. జిల్లేడు తప్ప మరో మొక్క మొలవని బీడు. మేకలు కూడా అటు వెళ్ళి పెదవి విరిచి వచ్చేవి. ఏడేళ్ళ కిందట పొరుగురాజు దండెత్తి వచ్చినప్పుడు అక్కడే యుద్ధం జరిగింది. మాచభూపతి గెలిచాడు. అతని వైపు మూడువందల నలభైమంది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం రాజు నిజంగానే ఏడ్చాడు. ఈ మాట చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. సమాధుల మట్టి ఆరకముందే, కొలువులో శాసనాలు రాసి చదివే బాచనను పిలిచి, తన నోటితో చెప్పి రాయించాడు.

"ఈ పొలిమేరలో అడుగుపెట్టేవాడు ఎవడైనా సరే వాహనం దిగాలి. తలపాగా తీయాలి, చెప్పులు విడవాలి. బాజాలు మోగరాదు. వీరుల రాళ్ళ మీద నీళ్ళు పోసేదాకా ఒక్క ముద్ద నోట పెట్టరాదు. రాజు మొదలు రైతు దాకా అందరికీ ఇదే మర్యాద."

బాచన అలవాటు కొద్దీ 'రాజు తప్ప' అని రాయబోయాడు. రాజు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "మేమైనా సరే అని రాయి" అన్నాడు.

బాచన రాశాడు. నిలబెట్టబోయే రాళ్ళలో తొమ్మిదోది అతని తమ్ముడు నాగనది.

పేరు మొదట తనంతట తానే నడిచింది. యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న కొందరు బంట్లకి రాజు సరిహద్దులో భూములిచ్చాడు. వాళ్ళు అక్కడ గుడిసెలు వేసుకుని, ఆ పల్లెకి జిల్లేళ్ళబీడు అని పేరు పెట్టుకున్నారు. బాచన అటుగా వెళ్ళినప్పుడు, చెయ్యి లేని ఒక బంటు అతనికి మజ్జిగ ఇస్తూ, "ఆ పేరు పిలుచుకుంటుంటే మావాళ్ళు ఇక్కడే ఎక్కడో తిరుగుతున్నట్టుంటదయ్యా" అన్నాడు.

బాచన తిరిగొచ్చి ఆ సంగతి రాజుకు చెప్పాడు. చెప్పడమే అతను చేసిన పొరపాటు.

"బాగుంది" అన్నాడు మాచభూపతి మీసం దువ్వుకుంటూ. "బంట్లకే అంత అభిమానముంటే నాకెంత ఉండాలి?"

ఇక పట్టపగ్గాల్లేవు. మొదట పశువుల సంత జరిగే ఊరికి ఆ పేరు పెట్టాడు. తరువాత ఏటి నడుమ ఉన్న ఒక లంకకు పెట్టాడు. నలువైపులా నీళ్ళున్న చోటు బీడెలా అవుతుందని లంకవాళ్ళు తలలు గోక్కున్నారు. మల్లెతోటలు పెంచే ఊరికీ అదే పేరు. జిల్లేళ్ళబీడు మల్లెలట అని కొనేవాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. ఒక పెళ్ళివారైతే బాజాభజంత్రీలతో జిల్లేళ్ళబీడుకు తరలి వెళ్ళి, ముహూర్తం దాటిపోయాక గాని తెలుసుకోలేకపోయారు, తమ వియ్యంకుడిది వేరే జిల్లేళ్ళబీడని.

పేరు పెట్టడమంటే రాజు నోటితో అనేస్తే సరిపోదు. ఆ ఊరి పొలిమేరలో పేరురాయి పాతాలి, శాసనం చదవాలి. పాతే పని శిల్పి మల్లోజుది, చదివే పని బాచనది. మల్లోజు ఆ అక్షరాలు చెక్కీ చెక్కీ విసిగిపోయి, తీరిక దొరికినప్పుడే పది రాళ్ళు చెక్కేసి కొట్టం వెనక పేర్చి పెట్టుకున్నాడు. "ఏ ఊరో తరువాత చెప్పండి బాచనగారూ, రాయి మాత్రం తయారు" అనేవాడు.

ప్రతి శాసనం చివరా రాజు ఒక వాక్యం తప్పనిసరిగా రాయించేవాడు. 'యుద్ధభూమికి గల మర్యాదలన్నీ ఈ ఊరికీ చెల్లుతాయి.' ఆ మాట చదివేటప్పుడు డప్పులు మోగించాలని ఆజ్ఞ. మర్యాదలంటే వాహనం దిగడం, చెప్పులు విడవడం, పస్తుండడం. అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ ఊళ్ళవాళ్ళకు దిగడానికి గుర్రాల్లేవు, విడవడానికి చెప్పుల్లేవు. పస్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజు ఆ ఊళ్ళ ముఖం చూసిందీ లేదు.

బాచన ఒక్కడే ప్రతిచోటా చెప్పులు విడిచేవాడు. పొలిమేర దాటి బయటపడేదాకా ఏమీ తినేవాడు కాదు. తన చేత్తో రాసిన మాట తనే ఎలా తప్పుతాడు? అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేశాయి, మడమలు పగిలాయి. తమ్ముడి రాయి దగ్గరికి వెళ్ళిరావాలని ఏటేటా అనుకునేవాడు. సరిగ్గా అదే సమయానికి రాజు మరో రాయి పాతమనేవాడు. ఏడేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఇరవైరెండు ఊళ్ళకు జిల్లేళ్ళబీడు అని పేరు పెట్టి వచ్చాడు గాని, అసలు జిల్లేళ్ళబీడుకు ఒక్కసారీ పోలేదు. ఆ తలపు వచ్చినప్పుడల్లా అతనికి తన మీద తనకే రోత పుట్టేది.

ఇరవైరెండో రాయి పాతిన రోజు మధ్యాహ్నం, చైత్రమాసం ఎండలో, బాచనా మల్లోజూ పొలిమేర అవతలున్న చలివేంద్రంలో చతికిలబడ్డారు. ఒక ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. చంకలో మూతికి గుడ్డ కట్టిన ముంత ఉంది.

"అయ్యా, జిల్లేళ్ళబీడు ఇదేనా?"

"కనబడటం లేదా అవ్వా? అదిగో రాయి, ఇప్పుడే పాతాం" అన్నాడు మల్లోజు.

"నాకు చదువు రాదు నాయనా. వీరుల రాళ్ళు ఏ పక్కనున్నాయో చెప్పు. నా కొడుకు సూరిగాడి రాయి చూడాల."

మల్లోజు తల దించుకుని సుత్తిని సంచీలో పెట్టేశాడు.

"ఇది కాదవ్వా" అన్నాడు బాచన.

"పేరు అదే అంటన్నారే."

"పేరు అదే. ఊరు అది కాదు."

ముసలమ్మ ఏడవలేదు. ముంత ఒలక్కుండా చూసుకుంటూ మెల్లగా కింద కూర్చుంది. ఆమె పేరు కాచమ్మ. "ఇది నాలుగోది" అంది. "సంత ఊరు పోయా. పడవెక్కి లంకకి పోయా. పూలతోటల ఊరు పోయా. అందరూ మంచోళ్ళే, ఇదే జిల్లేళ్ళబీడన్నారు. రాయి కూడా చూపెట్టారు. ఒకచోట ఆ పేరురాయి మీదనే పోసేద్దామనుకున్నా. మనసొప్పలా."

"ముంతలో ఏముంది?"

"మా బాయి నీళ్ళు. ఏ నీళ్ళు తాగినా వాడికి దప్పిక తీరేది కాదు, మా బాయి నీళ్ళే కావాల. నాలుగేళ్ళు మా ముసలాయన మంచాన పడుంటే కదల్లేకపోయా. ఆయన పోయినాక మూడేళ్ళ నుంచీ బయలుదేరతానే ఉన్నా. వాడు పోయిన అమాసకి అందుకోలేక తిరిగి పోతానే ఉన్నా. నాకింక ఓపిక లేదయ్యా. ఈ ఏడు పొయ్యకపోతే ఇంక పొయ్యను."

అమావాస్య ఇంకా ఆరు రోజులుంది. రాజధాని అక్కడికి ఒకటిన్నర రోజు ప్రయాణం. రాజధాని నుంచి అసలు జిల్లేళ్ళబీడుకు రెండు రోజులు. బాచన మనసులో లెక్క వేసుకుని, మల్లోజు కేసి చూశాడు. మల్లోజు బండిలో, రాయి దించగా ఖాళీ అయిన చోట, అవ్వ కూర్చోవడానికి గడ్డి పరిచాడు.

ముసలమ్మను తన ఇంట్లో దింపి, సెలవు అడగడానికి బాచన కొలువుకు వెళ్ళాడు. అక్కడ రాజు సంబరంగా ఉన్నాడు.

"వచ్చావా బాచనా. ఇరవైమూడో రాయికి చోటు దొరికింది. ఇక దూరాలు తిరగక్కర్లేదు నీకు. ఎల్లుండి మన రాజధానికే ఆ పేరు పెడుతున్నాం."

కొలువంతా చప్పట్లు కొట్టింది. రాజధాని పేరు జిల్లేళ్ళబీడు అయ్యాక, ఆ పేరు చెప్పి దారి అడిగినవాళ్ళకు లోకమంతా ఈ కోటనే చూపిస్తుంది. మూడువందల నలభై రాళ్ళు అక్కడెక్కడో జిల్లేళ్ళ మధ్య నిలబడే ఉంటాయి, వాటి దగ్గరికి దారి చెప్పేవాడు ఉండడు.

"ప్రభూ, గెలిచింది ఒకచోట. పేరు కూడా ఒకచోట ఉంటే చాలదా?" అని అడిగాడు.

రాజు ముఖం ముడుచుకున్నాడు. "గెలిచింది ఒకసారే. వినబడవలసింది వెయ్యిసార్లు. నా శాసనంలో నీకేం లోటు కనబడింది? ఒక్క తప్పు చూపించు. రాయి పాతడం మానేస్తాను, నువ్వు అడిగింది ఇస్తాను. చూపలేకపోయావా, మిగిలిన ఊళ్ళన్నిటికీ ఇదే పేరు పెట్టిస్తాను. అన్నిటికీ నువ్వే నడిచి వెళ్ళాలి. బండి కూడా ఇవ్వను."

బాచన తన పాదాల కేసి చూసుకున్నాడు. ఇవి ఇంకో ఊరు కూడా నడిచేలా లేవు.

"తప్పు వెతికేపాటివాణ్ణి కాను ప్రభూ. ఒక్క మాట వదలకుండా చదువుతాను, అంతే. తమరు ఒక్క మాట వదలకుండా పాటిస్తే చాలు."

"నా మాట నేను తప్పుతానా?"

"ఎంతమాట. చివరి వాక్యం కూడా ఉంచమంటారా?"

"అదే ముఖ్యం. ఆ మాట దగ్గర డప్పులు రెట్టింపు మోగాలి."

ఆ రోజు రానే వచ్చింది. రాజు తెల్లవారుజామునే ఊరి బయటి ఏట్లో స్నానానికి వెళ్ళాడు. పూజలు ముగించి, పరగడుపున, ఏనుగెక్కి ఊరేగింపుగా తిరిగి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. కోటలో వంటలు సిద్ధంగా ఉన్నాయి. పులిహోర తిరగమోత వాసన ఊరి వాకిలి దాకా వస్తోంది. వాకిట్లో ఇరవైమూడో రాయి పాతి ఉంది. దాని పక్కన బాచన తలపాగా లేకుండా, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

శాసనం మొదలుపెట్టి నిదానంగా చదివాడు. 'యుద్ధభూమికి గల మర్యాదలన్నీ ఈ ఊరికీ చెల్లుతాయి' అన్న మాట దగ్గర డప్పులు రెట్టింపు మోగాయి. చదవడం అయిపోయాక బాచన చెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయాయి.

"ఇప్పుడు తమరు పొలిమేర దాటుతున్నారు ప్రభూ. ఇక్కడ బాజాలు మోగరాదు."

"ఏమిటీ?"

"ఏనుగు దిగాలి. కిరీటం తీయాలి. చెప్పులు విడవాలి."

"నేనా?"

"మేమైనా సరే అని రాయించారు. నేను 'రాజు తప్ప' అని రాయబోతే, తమరే నా చెయ్యి పట్టుకుని ఆపారు."

యుద్ధంనాటి ఆ సాయంత్రం రాజుకు గుర్తొచ్చింది. అతిశయం ఉన్నవాడే గాని మాట తప్పేవాడు కాదు. ఏనుగు దిగాడు. కిరీటం తీసి మావటి చేతికిచ్చాడు. చెప్పులు విడిచి నేల మీద అడుగుపెట్టి, వెంటనే మడమ ఎత్తాడు. తన రాజధానిలో వీధులు ఇంతగా కాలతాయని అతనికి అప్పటిదాకా తెలియదు.

వీధి పొడుగునా జనం ఏనుగు కోసం మెడలు చాచి చూస్తున్నారు. పక్కనుంచి బట్టతల మనిషి ఒకడు కుంటుతూ పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయనైతే, అడ్డు తప్పుకోవయ్యా, రాజుగారొస్తున్నారు అన్నాడు.

కోట గుమ్మం దగ్గరికి చేరేసరికి రాజుకు చెమటలు కారుతున్నాయి. లోపల అరిటాకు వేసి ఉంది. గడప దాటబోయాడు.

"ఆగాలి ప్రభూ" అన్నాడు వెనకే కుంటుతూ వచ్చిన బాచన. "రాళ్ళ మీద నీళ్ళు పోసేదాకా ముద్ద నోట పెట్టరాదు."

"అయితే పోస్తాను. రాళ్ళెక్కడ?"

"ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. ఇక్కడికి రెండు రోజుల నడక. పేరైతే తెచ్చాం గాని, రాళ్ళను తేలేదు."

"మల్లోజును పిలువు. మూడువందల నలభై రాళ్ళు ఇక్కడే చెక్కమను."

"చెక్కుతాడు ప్రభూ. వాటి కింద ఎవరున్నారని చెక్కమంటారు?"

బాచన ఈ మాట వెటకారంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. రాజు గుమ్మం పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు. ఆ అరుగు మీదే, నీడపట్టున, కాచమ్మ ముంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బాచన ఆమెను పొద్దున్నే అక్కడ కూర్చోబెట్టి, పని కాగానే బయలుదేరదామన్నాడు.

ముసలమ్మ పక్కనున్న మనిషిని ఎగాదిగా చూసింది. బోడితల, ఉత్త కాళ్ళు, చెమట.

"నువ్వు కూడా నీళ్ళు పొయ్యడానికొచ్చావా నాయనా?" అంది. "ఇక్కడ కాదంట. ఇది కూడా ఉత్త పేరేనంట. నేను నాలుగూళ్ళు తిరిగా."

రాజు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు.

"ఈ ఎండలో చెప్పుల్లేకుండా వచ్చావంటే బాగా కావలసినోళ్ళే అయ్యుంటారు. నీకెవరు పోయారు?"

భటుడొకడు ముందుకు రాబోతే రాజు వద్దని చెయ్యూపాడు. "మూడువందల నలభైమంది" అన్నాడు చివరికి.

"అయ్యో, అందరూ నీవాళ్ళే?" కాచమ్మ అతని ఉత్త చేతుల కేసి చూసి నొచ్చుకుంది. "మరి వట్టి చేతుల్తో వచ్చావేం నాయనా? అంతమందికంటే ముంత కూడా చాలదు. పెద్ద బిందె తెచ్చుకోవాల్సింది."

రాజు పకపకా నవ్వాడు. ఏడేళ్ళలో కొలువులో ఎవరూ అతనితో ఇంత తిన్నగా మాట్లాడలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

"బాచనా, తప్పు చూపించనన్నావు."

"చూపించలేదు ప్రభూ. చదివాను, అంతే."

"నన్ను బాగా నడిపించావు. ఆ రాయి పీకించెయ్యి. పీకడానికి ఎంతసేపు పడుతుంది? ఆకలేస్తోంది."

"పాతినంతసేపూ పడుతుంది" అన్నాడు మల్లోజు దూరం నుంచి.

"మిగిలిన ఊళ్ళ రాళ్ళు కూడా తీసేయండి. ఎవరి పేరు వాళ్ళకిచ్చేయండి."

"సరిహద్దులో బంట్ల పల్లెను మాత్రం వదిలేయండి ప్రభూ" అన్నాడు బాచన. "ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నది. దానికి రాయి కూడా లేదు."

రాజు సరేనన్నాడు. మెడలోని హారం తీయబోతే బాచన చేతులు జోడించాడు. "అడిగింది ఇస్తానన్నారు. నాకు ఆరు రోజులు సెలవిప్పించండి. మా తమ్ముణ్ణి చూసి ఏడేళ్ళయింది."

బాచన నోట నాగన పేరు ఏడేళ్ళలో ఒక్కసారీ రాలేదని రాజుకు అప్పుడు తట్టింది. సెలవిచ్చాడు. పల్లకీ ఇచ్చాడు, ఇద్దరికీ సరిపోయేది. హారం కూడా బలవంతంగా బాచన మెడలో వేశాడు. "వచ్చే ఏడు నేనూ వస్తాను. పెద్ద బిందెతోనే వస్తానవ్వా" అన్నాడు కాచమ్మ వైపు తిరిగి.

అమావాస్యనాటి పొద్దున పల్లకీ ఒక మట్టిదారి చివర ఆగింది. బాచన దిగి చెప్పులు విడిచాడు. చుట్టూ జిల్లేళ్ళు పూసి ఉన్నాయి.

"ఇదేనంటావా?" అంది కాచమ్మ అనుమానంగా. "పేరురాయి లేదే."

బాచన కూడా అటూ ఇటూ చూశాడు. నిజమే, లేదు. అన్ని ఊళ్ళకూ పాతారు గాని ఇక్కడ పాతాలని ఎవరికీ తోచలేదు. "ఇదేనవ్వా" అన్నాడు.

రాళ్ళ మీది పేర్లు ఒక్కొక్కటే ఆమెకు చదివి వినిపిస్తూ నడిచాడు. తొమ్మిదో రాయి దగ్గర కూడా ఆగలేదు, ముందు ఆమె పని కావాలి. నూటపన్నెండో రాయి మీద సూరడు అని ఉంది. కాచమ్మ గుడ్డ విప్పి, రాయిని అరచేత్తో తడిమి, నీళ్ళు పోసింది. సగం పోసి ఆగింది.

"మీవాడెక్కడ?"

బాచన తొమ్మిదో రాయి దగ్గరికి తీసుకువెళ్ళాడు. అక్కడ నిలబడ్డాక గాని అతనికి తెలిసిరాలేదు. రాజుకూ, శిల్పికీ, పల్లకీకీ, అన్నిటికీ ఏర్పాట్లు చేసినవాడు, తమ్ముడికి నీళ్ళు తేవడం మరిచిపోయాడు.

కాచమ్మ ముంత అతని చేతికిచ్చింది. "పొయ్యి నాయనా. మా బాయి నీళ్ళు మంచియ్యి" అంది.